గురుపీఠం, కృత్రిమ మేధ: కతోలిక చింతనలో అధికార ప్రశ్న

కృత్రిమ మేధ గురించి కతోలిక శ్రీసభలో కొన్నేళ్ళుగా సాగుతున్న చర్చలో రెండు ప్రశ్నలు కలగాపులగంగా వినిపిస్తాయి. ఆ యంత్రాలను మనుషులు ఎలా వాడాలి, యుద్ధంలోనూ కర్మాగారంలోనూ వైద్యశాలలోనూ వాటికి ఏ హద్దులు గీయాలి అన్నది మొదటిది. మత విషయాల్లో ఆ యంత్రాలు చెప్పే మాటకు ఏ విలువ ఉంది, దేవుని పేరిట బోధించే అధికారం ఎవరిది అన్నది రెండవది. మొదటి ప్రశ్నపై వాటికను పత్రాలు విస్తారంగా ఉన్నాయి. రెండవదానిపై ఉన్నది చెల్లాచెదురుగా, కొంత ధర్మశాస్త్రంలో, కొంత వేదాంతంలో, కొంత ఆచారంలో దాగి ఉంది. ఈ సమీక్ష ప్రధానంగా ఆ రెండవ ప్రశ్నను పరిశీలిస్తుంది.

అధికారం అన్న మాట తెలుగులో పెత్తనాన్నీ సర్కారు కొలువునూ గుర్తుచేస్తుంది గనుక, కతోలిక వేదాంతంలో దానికున్న అర్థాన్ని ముందుగా విడదీసి చెప్పుకోవాలి. బోధించడం, పవిత్రపరచడం, పాలించడం అనే మూడు బాధ్యతలు క్రీస్తు నుంచి అపొస్తలులకు, వారి నుంచి అభిషేక పరంపరలో మేత్రాణులకు, అంటే పీఠాధిపతులకు, సంక్రమించాయని శ్రీసభ నమ్ముతుంది. వీటిలో మొదటిదానినే బోధనాధికారం అంటారు. దేవుని వాక్యాన్ని ప్రామాణికంగా వ్యాఖ్యానించే పని శ్రీసభలోని సజీవ బోధనాధికారానికే అప్పగించబడిందనీ, అయితే ఆ అధికారం వాక్యానికి పైన కాక దానికి సేవకురాలిగా ఉంటుందనీ రెండవ వాటికను మహాసభ 1965 నవంబరు 18న వెలువరించిన దేయి వెర్బుమ్ అనే పత్రం చెబుతుంది. ఆ వాక్యంలో ఇక్కడ గమనించవలసిన మాట ‘సజీవ’ అన్నది. పీఠాధిపతి కంటే పాండిత్యంలో మిన్న అయిన వేదాంతి ఎందరో ఉండవచ్చు, చరిత్రలో ఉన్నారు కూడా. అయినా ప్రామాణిక బోధకుడు పీఠాధిపతే, ఎందుకంటే అక్కడ అధికారానికి మూలం తెలిసిన విషయాల రాశి కాదు, పంపబడి ఉండటం, జవాబుదారీగా ఉండటం. ఈ లెక్కన యంత్రం ఎంత చదివినా దానికి బోధనాధికారం దక్కదు. సూత్రం వరకు సమస్య అక్కడితో తీరిపోయినట్టే. ఆచరణలో అది అక్కడి నుంచే మొదలవుతుంది, ఎందుకంటే విశ్వాసి తన సందేహాన్ని అధికారం ఉన్నవాడి దగ్గరికి కాక, ముందుగా జవాబిచ్చేవాడి దగ్గరికి తీసుకుపోతాడు.

మత సత్యాన్ని యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. మయోర్కా ద్వీపానికి చెందిన రామోన్ లుల్ 13వ శతాబ్ది చివర, అక్షరాలు రాసిన కాగితపు చక్రాలను ఒకదానిపై ఒకటి తిప్పి దైవ గుణాల కలయికలను పుట్టించి, వాటితో అన్యమతస్థులను తర్కంతో ఒప్పించవచ్చని ఆశించాడు. ఆయన రచనల్లోని అనేక వాక్యాలను తప్పుపడుతూ 1376లో 11వ గ్రెగొరీ పోపు పేరిట ఒక ఆదేశం వెలువడింది; దాని ప్రామాణ్యం మీద ఆ తర్వాత చాలాకాలం వివాదం నడిచింది. లుల్ చక్రాలు వాదించడానికి పుట్టాయి. దాదాపు ఆరున్నర శతాబ్దాల తర్వాత ఇటలీ జెస్యూటు గురువు రొబెర్తో బూసా యంత్రాన్ని అంతకంటే వినయమైన పనికి పిలిచాడు. ఆయన 1949లో ఐబీఎం అధినేత థామస్ వాట్సన్‌ను కలిసి, పునీత థామస్ అక్వినాసు రచనల్లోని పదాలన్నిటికీ, అంటే కోటికి పైగా పదాలకు, సూచిక తయారు చేయడానికి యంత్రాలు అడిగాడు. చిల్లుల కార్డులతో మొదలైన ఆ పని 30 ఏళ్ళు సాగి 56 సంపుటాల ముద్రిత గ్రంథంగా 1980లో ముగిసింది. అక్వినాసు ఒక మాటను ఎక్కడెక్కడ వాడాడో ఆ సూచిక చూపుతుంది, దాని అర్థం మాత్రం చదివేవాడికే వదిలేస్తుంది. నేటి సంభాషణా యంత్రాలు బూసా వారసత్వాన్ని చెప్పుకుంటూ లుల్ పని చేస్తున్నాయంటే పెద్ద తప్పు కాదు.

పవిత్రపరచే బాధ్యత విషయంలో శ్రీసభ సమాధానం స్పష్టంగా ఉంది, పాతది కూడా. జ్ఞానస్నానం, దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం వంటి ఏడు దివ్య సంస్కారాలకు మనుషులు ఒకరి ఎదుట ఒకరు ఉండటం అవసరమని కతోలిక సంప్రదాయం భావిస్తుంది. దూరాన ఉన్న గురువుకు ఉత్తరం ద్వారానో దూత ద్వారానో పాపాలు చెప్పుకొని, అక్కడి నుంచే విమోచనం పొందవచ్చన్న వాదాన్ని 8వ క్లెమెంటు పోపు 1602లోనే తోసిపుచ్చాడు. ఇంటర్నెట్టులో సంస్కారాలు ఉండవని వాటికను సమాచార మండలి 2002లో చెప్పినప్పుడు, ఆ నాలుగు వందల ఏళ్ళ నాటి తీర్పునే కొత్త వస్తువుకు వర్తింపజేసింది. 2024 ఏప్రిల్‌లో అమెరికాలోని కాథలిక్ ఆన్సర్స్ అనే సంస్థ గురువు దుస్తుల్లో కనిపించే ‘ఫాదర్ జస్టిన్’ అనే సంభాషణా యంత్రాన్ని విడుదల చేసింది. అది తాను నిజమైన గురువునని చెప్పుకుని, ఒకరికి పాపవిమోచనం ఇచ్చినట్టు మాట్లాడి, అత్యవసరమైతే శీతల పానీయంతో జ్ఞానస్నానం ఇవ్వవచ్చని కూడా సలహా ఇచ్చిందన్న విమర్శలు రాగా, సంస్థ కొద్ది రోజులకే దాని గురువు వేషాన్ని తీసివేసి ఉత్త ‘జస్టిన్’గా మార్చింది. అదే ఏడాది ఆగస్టు నుంచి అక్టోబరు వరకు స్విట్జర్లాండులోని లుసెర్న్ నగరంలో పీటరు ప్రార్థనాలయంలో పాపసంకీర్తనపు గదిలోనే తెర పెట్టి, ఏసు రూపంలో సుమారు 100 భాషల్లో మాట్లాడే యంత్రాన్ని ప్రయోగాత్మకంగా నిలిపారు. సుమారు 900 సంభాషణలు నమోదయ్యాయి. అది పాపసంకీర్తనం కాదని నిర్వాహకులు ముందే చెప్పారు. చెప్పినా, పాపసంకీర్తనపు గదిని ఎన్నుకోవడమే ఆ గది గౌరవాన్ని అరువు తెచ్చుకోవడం కదా.

ఈ ఉదంతాలను చూసి, అభిషేకం లేకపోవడమే యంత్రపు లోపం అనుకోవడం తొందరపాటు. ప్రాణాపాయంలో ఉన్న శిశువుకు జ్ఞానస్నానం ఇవ్వడానికి గురువే అక్కర్లేదని 1983 నాటి కానన్ చట్టం, అంటే శ్రీసభ ధర్మశాస్త్రం, 861వ నియమంలో చెబుతుంది. సరైన సంకల్పం ఉన్న ఎవరైనా ఇవ్వవచ్చు, ఆ వ్యక్తి క్రైస్తవుడు కాకపోయినా సరే. ఇంత ఉదారమైన నియమం కూడా యంత్రాన్ని లోపలికి రానివ్వదు, కారణం దానికి సంకల్పం లేదు. పూజకు ముందు సంకల్పం చెప్పుకునే సమాజంలో ఈ వాదన అర్థం కావడానికి వేదాంత విద్య అవసరం లేదు.

నీతి ప్రశ్నపై వెలువడిన పత్రాలను ఇక్కడ క్లుప్తంగా చూస్తే చాలు. 2020 ఫిబ్రవరి 28న వాటికను జీవన పరిషత్తు, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ఇటలీ ప్రభుత్వం కలిసి సంతకం చేసిన ‘రోము పిలుపు’ పారదర్శకత, బాధ్యత, నిష్పాక్షికత వంటి ఆరు సూత్రాలు ప్రకటించింది. పోపు ఫ్రాన్సిస్ 2024 శాంతి దిన సందేశాన్ని ఇదే విషయానికి కేటాయించి, ఆ ఏడాది జూన్ 14న జీ7 దేశాల సమావేశంలో మాట్లాడారు. ఆ సమావేశానికి వెళ్ళిన మొదటి పోపు ఆయనే. 2025 జనవరి 28న, అక్వినాసు పండుగ రోజున, విశ్వాస సిద్ధాంత విభాగం, సంస్కృతి విద్యా విభాగం కలిసి 117 పేరాల ‘ఆంతిక్వా ఎత్ నోవా’ అనే పత్రాన్ని వెలువరించాయి. మే 8న ఎన్నికైన 14వ లియో పోపు రెండు రోజులకే కార్డినళ్ళతో మాట్లాడుతూ, 1891లో కార్మికుల హక్కులపై రేరుమ్ నొవారుమ్ అనే విశ్వలేఖ రాసిన 13వ లియోను స్మరించే ఆ పేరు ఎన్నుకున్నానని, కృత్రిమ మేధ తెచ్చిన మార్పు మరో పారిశ్రామిక విప్లవం వంటిదని చెప్పారు.

వీటిలో అధికార ప్రశ్నకు పనికివచ్చేది ఆంతిక్వా ఎత్ నోవా. అక్వినాసు సంప్రదాయాన్ని అనుసరించి ఆ పత్రం మానవ మేధలో రెండు పార్శ్వాలను గుర్తిస్తుంది: మెట్టు తర్వాత మెట్టుగా తర్కించే శక్తి ఒకటి, సత్యాన్ని లోపలి చూపుతో నేరుగా గ్రహించే శక్తి మరొకటి. యంత్రం మొదటిదాన్ని అనుకరిస్తుందే గాని, శరీరంతో, అనుభవంతో, సంబంధాలతో ముడిపడిన రెండవదాన్ని అందుకోలేదని పత్రం వాదిస్తుంది. తన చేతి సృష్టినే దేవుని స్థానంలో నిలుపుకొనే ప్రమాదం గురించి కూడా హెచ్చరిస్తుంది. కానీ బోధనాధికారం మీద యంత్రాల ప్రభావాన్ని అది లోతుగా తడమలేదు. విగ్రహారాధన భయం పెద్దదే, నిజమే. అయితే సామాన్య విశ్వాసి యంత్రాన్ని దేవుడనుకోడు, ఉపదేశి అనుకుంటాడు. అసలు జారుడు మెట్టు అక్కడ ఉంది.

శ్రీసభ బోధనలన్నీ ఒకే తూకం గలవి కావన్నది ఇక్కడ కీలకం. 1870 జులై 18న మొదటి వాటికను మహాసభ నిర్వచించిన ప్రకారం పోపు గురుపీఠం నుంచి విశ్వాస, నైతిక విషయాల్లో నిర్ణయాత్మకంగా ప్రకటించినది తప్పుకు అతీతం. 1950లో మరియమాత మోక్షారోపణ ప్రకటన అటువంటిది. దాని కింద నిర్ణయాత్మక బోధ, దాని కింద సాధారణ బోధ, ఇంకా కింద కాలానుగుణమైన సలహా, ఎక్కడో అడుగున విలేకరులతో విమానంలో మాట్లాడిన మాట. వేదాంతి విద్యలో సగం ఈ మెట్ల తేడా తెలుసుకోవడమే. భాషా నమూనాలు, అంటే కోట్ల వాక్యాలను చదివి తర్వాతి మాటను సంభావ్యత ఆధారంగా కూర్చే యంత్రాలు, ఈ మెట్లన్నిటినీ చదును చేసి ఒకే ధీమా గొంతుతో వినిపిస్తాయి. శ్రీసభ పత్రాలతోనే నింపి ఆధారాలు చూపే విధంగా 2023లో వచ్చిన ‘మెజిస్టీరియం ఏఐ’ వంటి సాధనం ఈ లోపాన్ని కొంత సరిదిద్దుతుంది; పాఠకుడు మూల పత్రాన్ని తెరిచి చూసుకోవచ్చు. అయినా ఏ పత్రాలు లోపల ఉండాలి, ప్రశ్నకు ఏది దగ్గరిది అన్న నిర్ణయం సాధనాన్ని కూర్చినవారిది, దాన్ని తయారుచేసింది ఒక ప్రైవేటు కంపెనీ. మెజిస్టీరియం అంటే లాటినులో బోధనాధికారం అనే అర్థం. ఆ పేరును ఒక సరుకుకు పెట్టడం తొందరపాటని చెప్పక తప్పదు.

పాత కాలపు భద్రత ఒకటి ఇక్కడ చెల్లకుండా పోతోంది. సత్యోపదేశ గ్రంథాలకు, అంటే ప్రశ్నోత్తరాలుగా విశ్వాసాన్ని నేర్పే పుస్తకాలకు, స్థానిక పీఠాధిపతి ఆమోదం ఉండాలని కానన్ చట్టం 827వ నియమం కోరుతుంది. ఆ ఆమోదం అచ్చయిన స్థిరమైన పాఠానికి ఇచ్చేది. ప్రతి ప్రశ్నకూ అప్పటికప్పుడు కొత్త వాక్యం పుట్టించే యంత్రానికి, ఈ వేళ ఒకలా రేపు మరొకలా పలికేదానికి, ఆమోదముద్ర దేని మీద వేయాలి? ఆ యంత్రాన్ని నడిపే మనిషి మీదనా, దానికి పెట్టిన పత్రాల మీదనా? ధర్మశాస్త్రజ్ఞులు ఇంకా పట్టుకోవలసిన ముడి ఇది.

మరో వాదన ఉంది. రెండవ వాటికను మహాసభ 1964లో విశ్వాసులందరి సమష్టి విశ్వాస స్పృహను, లాటినులో ‘సెన్సుస్ ఫిదేయి’ అనేదాన్ని, గుర్తించింది గదా, ప్రజలు రాసిన మాటలన్నిటినీ చదివిన యంత్రం ఆ స్పృహకే అద్దం పట్టదా అని కొందరు అడుగుతారు. పట్టదు. ఆ స్పృహ జనాభిప్రాయపు సగటు కాదని అంతర్జాతీయ వేదాంత సంఘం 2014లో వివరించింది. 1859లో సిద్ధాంత విషయాల్లో సామాన్య విశ్వాసులను సంప్రదించాలని వాదించిన జాన్ హెన్రీ న్యూమన్ కూడా ఓట్ల లెక్కింపు గురించి మాట్లాడలేదు, బతికి నిలుపుకున్న విశ్వాసం గురించి మాట్లాడాడు. 2025 నవంబరు 1న శ్రీసభ ఆయనను శ్రీసభ పండితుల వరసలో చేర్చింది. దీనికి తెలుగు నాట నుంచి ఒక ఉదాహరణ చేర్చవచ్చు. తెలుగు కతోలికుల్లో అత్యధికులు దళితులు, వారి విశ్వాసం ఎక్కువగా పాటలో, జపమాలలో, ఫిబ్రవరిలో గుణదల మాత కొండకు నడిచే నడకలో ఉంది, పుస్తకంలో తక్కువ. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కార్డినల్ అయ్యే వరకు కార్డినళ్ళ మండలిలో ఒక్క దళితుడూ లేడు. రాతలో లేనివారి గొంతు, రాతనే తిని పెరిగిన యంత్రంలో ఎక్కడి నుంచి వస్తుంది?

తెలుగు విషయం ఇంకొంచెం నిదానంగా చూడదగ్గది. 18వ శతాబ్దిలో కర్ణాటక మిషను పేరిట తెలుగు సీమలో పనిచేసిన ఫ్రెంచి జెస్యూటులు, ముఖ్యంగా నిఘంటువు కూర్చిన గాస్టన్ కేర్డూ వంటివారు, మొదట చేసిన పని మాటలు వెతకడం. అప్పటి నుంచి కతోలికులకు తమదైన తెలుగు ఏర్పడింది: సంఘం బదులు శ్రీసభ, పాస్టరు బదులు గురువు, ఆరాధన బదులు దివ్యబలిపూజ, ప్రభువు బల్ల బదులు దివ్యసత్ప్రసాదం, పల్లెల్లో పేర్లు కూడా రాయప్ప, చిన్నప్ప, శౌరి, ఇన్నయ్య. ఇవి ఇష్టాయిష్టాల తేడాలు కావు. అప్పం నిజంగా క్రీస్తు శరీరమవుతుందన్న విశ్వాసం ‘సత్ప్రసాదం’ అన్న మాటలో ఇమిడి ఉంది, ‘బల్ల’లో లేదు. అచ్చయిన తెలుగు క్రైస్తవ వాఙ్మయంలో ప్రొటెస్టంటుల వాటా ఎక్కువ గనుక, ఆ వాఙ్మయం మీద పెరిగిన యంత్రం కతోలికుడికి కూడా వారి మాటల్లోనే, వారి 66 గ్రంథాల బైబిలు లెక్కతోనే జవాబిచ్చే అవకాశం ఎక్కువ. కతోలిక బైబిలులో 73 ఉన్నాయి. మరీ చిన్న పరీక్ష ఒకటి చాలు. పది ఆజ్ఞల్లో రెండవది ఏది అని అడిగితే, దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించరాదన్నది కతోలిక లెక్క; విగ్రహాలు చేసుకోరాదన్నది చాలామంది ప్రొటెస్టంటుల లెక్క. గుంటూరు ప్రాంతపు లూథరన్లు మాత్రం ఈ ఒక్క విషయంలో కతోలికుల పక్షమే. ఈ తేడా తెలియని యంత్రం మాత బొమ్మ ముందు కొవ్వొత్తి వెలిగించే ముసలమ్మకు ఆమె రెండవ ఆజ్ఞను మీరుతోందని నిబ్బరంగా చెప్పగలదు.

ఈ ఇబ్బందిని ఒకప్పుడు తీర్చినవాడు ఉపదేశి. విచారణ గురువు నెలకో రెండు నెలలకో వచ్చే పల్లెల్లో ప్రార్థన నడిపిందీ, పిల్లలకు జపాలు నేర్పిందీ, చావుబతుకుల్లో ఉన్నవారికి జ్ఞానస్నానం ఇచ్చిందీ ఆయనే. అభిషేకం లేకపోయినా ఆయన మాట చెల్లింది, ఎందుకంటే ఆయనను గురువు నియమించాడు, తప్పు చెబితే మందలించగలడు, తప్పుగా బతికితే ఊరు నిలదీయగలదు. పోపు ఫ్రాన్సిస్ 2021 మే 10న ఉపదేశి సేవను శ్రీసభలో శాశ్వత సేవగా స్థాపించారు. కృత్రిమ మేధను బోధనలో ఎక్కడైనా ఉంచదలిస్తే అది ఉపదేశి చేతిలోని పుస్తకం స్థానంలో ఉండాలి గాని ఉపదేశి స్థానంలో కాదు. పుస్తకం తప్పు చదివితే సరిదిద్దడానికి చదివే మనిషి ఉంటాడు. కృత్రిమ మేధ వాడకాల్లో బోధించేవాడి ముఖాన్నే దొంగిలించే రకం ఇంకొకటి ఉంది: 2023లో పోపు ఫ్రాన్సిస్ తెల్లటి దళసరి కోటు వేసుకున్నట్టు పుట్టించిన నకిలీ బొమ్మను ఎందరో నమ్మారు. తన కృత్రిమ రూపం తయారు చేసుకునేందుకు ఒకరు అనుమతి అడిగితే నిరాకరించానని లియో పోపు 2025లో ఒక సంభాషణలో చెప్పారు.

సూత్రాలన్నీ చివరికి ఒక మనిషి పరిస్థితిలో తేలాలి గనుక, గుజరాతులోని సూరత్ జిల్లా పల్సానాను తీసుకోవచ్చు. జాతీయ రహదారి పక్కన అద్దకం, ప్రింటింగు మిల్లులు నిండిన తాలూకా అది. సూరత్‌కు తెలుగు కుటుంబాల వలస తరాల నాటిది, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతూ వచ్చింది. ఆ వలసలో ఎక్కువమంది తెలంగాణ పద్మశాలీలు, హిందువులు. అయితే వారితోపాటు ఒక తెలుగు కతోలిక కార్మికుడు అక్కడికి చేరితే ఎదురయ్యే ఇబ్బంది ఊహించడం కష్టం కాదు. ఆ ప్రాంతం వడోదర పీఠం కిందిది, పూజ గుజరాతీలో. పాటలు రాకపోయినా పూజలో నిలబడవచ్చు. పాపసంకీర్తనానికి మాత్రం మాట కావాలి, గురువుకు తెలుగు రాదు, చేతిలో ఫోను ఉంది, అందులో అనువాద యంత్రం ఉంది.

ఈ ప్రశ్నకు కానన్ చట్టం దగ్గర సమాధానం ఎప్పటి నుంచో ఉండటం విశేషం. దుబాసీ ద్వారా పాపాలు చెప్పుకోవడాన్ని 990వ నియమం అనుమతిస్తుంది. విన్నది ఎవరికీ చెప్పరాదన్న కట్టు దుబాసీకి కూడా వర్తిస్తుందని 983వ నియమం అంటుంది. 2021లో సవరించిన శిక్షల విభాగం, 1386వ నియమంలో, ఆ గుట్టు విప్పిన దుబాసీకీ, పాపసంకీర్తనాన్ని ఏ సాంకేతిక సాధనంతోనైనా రికార్డు చేసినవారికీ శిక్ష విధించింది. మాటను దూరపు సర్వరుకు పంపి అనువదించే ఫోను ఆ గుట్టుకు కట్టుబడలేదు, శిక్షకూ లొంగదు, పైగా అది విన్నదాన్ని దాచుకుంటుందో లేదో వాడేవాడికి తెలియదు. కనుక ఉద్దేశం ఎంత మంచిదైనా దాన్ని ఆ గదిలోకి తీసుకుపోవడం ఈ నియమాల స్ఫూర్తికి విరుద్ధమనే చెప్పాలి. అంతమాత్రాన ఆ కార్మికుడికి దారి మూసుకుపోదు. దుబాసీని పెట్టుకోవాలన్న నిర్బంధం ఎవరికీ లేదని నైతిక వేదాంతులు చాలాకాలంగా చెబుతూ వచ్చారు. భాష రాని మనిషి మోకరించి, రొమ్ము తట్టుకుని, తన పశ్చాత్తాపాన్ని సైగతో తెలిపితే, గురువు తన భాషలో చెప్పే పాపవిమోచనం అతనికి పూర్తిగా చెల్లుతుంది.